ఏడుపుమలుపు

దిగువలోవ నుంచి చలిమెట్టకు కొండ రైలు పద్నాలుగు కిలోమీటర్లు. అందులో పదమూడు కిలోమీటర్లు ఇంజను ఎక్కుతుంది, ఒక్క కిలోమీటరు తవిటయ్య ఎక్కిస్తాడు. ఈ మాట తవిటయ్య అనడు. డ్రైవరు మస్తాన్ గారు అంటారు, అది కూడా బండి చలిమెట్ట చేరి, టీ గ్లాసు చేతికొచ్చి, పక్కన తవిటయ్య లేనప్పుడు. ఎదురుగా పొగిడితే మనిషి చెడిపోతాడని ఆయన నమ్మకం.

ఆ ఒక్క కిలోమీటరునీ ఘాట్ జనం ఏడుపుమలుపు అంటారు. ఇంజను కాగితాల్లో ఏడో నంబరు, జనానికి ముసిలమ్మ. నూట పదేళ్ల ఆవిరి ఇంజను. ఎనిమిదో కిలోమీటరు దాటి ఆ మలుపుకి వచ్చేసరికి నిజంగానే ఏడుస్తుంది. కొండ నిట్టనిలువు. పట్టా మీద మంచు చెమ్మ. పైనుంచి రాలిన ఆకులు చక్రాల కింద నలిగి జిగురు. చక్రం గిర్రున తిరుగుతుంది గాని బండి జానెడు కదలదు, పైగా వెనక్కి చూస్తుంది. దానికి మందు ఒకటే, ఇసుక.

ఇంజను ముక్కు మీద ఒక పలక, పలక మీద తలకి తువ్వాలు చుట్టుకుని తవిటయ్య, అటొక బుట్ట, ఇటొక బుట్ట. చక్రం జారబోయే ముందే పిడికిలి సగం విప్పి పట్టా మీద సన్నటి ధార వదలాలి. జారాక వేస్తే అది వట్టి ఇసుకే, జారకముందు వేస్తేనే పని. ఎక్కడ ఎంత వదలాలో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఇంజనుకి ఇసుక గొట్టాలు లేకపోలేదు. అవి తవిటయ్య తండ్రి కాలంలోనే పూడుకుపోయాయి. బాగుచేయించమని అప్పుడు రాసిన కాగితం ఇప్పటికీ పరిశీలనలో ఉంది.

ఇల్లు పైన, చలిమెట్ట స్టేషను పక్కనే. పొద్దున్న బండితో దిగి, షెడ్డు వెనక పొయ్యి మీద ఇనప మూకుడు పెట్టి, గెడ్డవాగు ఇసుక జల్లించి, శనగలు వేపినట్టు వేపి బుట్టలకెత్తుకుంటాడు. మధ్యాహ్నం బండి ముందు కూర్చుని ఇంటికి చేరతాడు. ఇరవయ్యారేళ్లుగా ఇదే వరస. రోజూ రైలుని కొండెక్కిస్తే తప్ప తన ఇంటి గడప తొక్కలేని ఉద్యోగం అది. తవిటయ్యకి అందులో బాధేమీ కనబడలేదు. కొంచెం గర్వం కూడా ఉండేది.

ఇలా ఉండగా ముసిలమ్మ మీద పైవాళ్లకి ప్రేమ పుట్టింది. ప్రేమ పుట్టి ఊరుకుంటే బాగుండేది, దానికో కార్యాలయం కూడా పుట్టింది. పురాతన ఆవిరి శకట వారసత్వ వీక్షణాభివృద్ధి ప్రాధికార సంస్థ. దిగువలోవ స్టేషను గోడ మీద ఆ పేరు పట్టక, చివరి రెండు మాటలూ మూత్రశాల గోడ మీదికి వెళ్లాయి. దానికి ప్రత్యేకాధికారిగా మార్తాండరావు గారు వచ్చారు. నిజాయితీపరుడు, పొద్దున్న ఎనిమిదింటికే ఆఫీసుకొచ్చే మనిషి. ఇలాంటివాళ్లతోనే ప్రమాదం. ఆయనకి కొండదారి పడదు, కడుపులో తిప్పుతుంది. అందుకని ఆ రైలు ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎక్కనందువల్లే తనకి నిష్పాక్షిక దృష్టి ఉందని ఆయన ఉద్దేశం.

వచ్చిన నెలలోపే సర్వే చేయించారు. సర్వేలో తేలిందేమిటంటే, రైలు ఎక్కేవాడు ఒక్కడైతే, దారి పొడుగునా నిలబడి రైలుని చూసేవాళ్లు నలభై మంది. మార్తాండరావు గారు సిబ్బంది పదకొండు మందినీ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి ఉపన్యసించారు.

"ఇంతకాలం మనమొక మౌలిక దోషంలో ఉన్నాము. రైలు అనునది ప్రయాణికుల నిమిత్తమని భావించాము. సదరు సర్వే ప్రకారం ఒకరు ఎక్కుచుండగా నలుబది మంది చూచుచున్నారు. ప్రజాస్వామ్య రీత్యా శకటము ఎవరిది? మెజారిటీది. అనగా వీక్షకునిది. ఇకమీదట మన ప్రతి చర్యకూ వీక్షకుడే కేంద్ర బిందువు."

అందరూ చప్పట్లు కొట్టారు. మస్తాన్ గారు మాత్రం చేతులు తుడుచుకుంటూ, "మరి ఎక్కేవాళ్ల సంగతేంది సార్?" అన్నారు.

"వారి పాత్ర కూడా సముచితంగా గౌరవింపబడును."

గౌరవం మొదలవడానికి ఎన్నాళ్లో పట్టలేదు. ఏడుపుమలుపు దగ్గర కొండ తొలిచి సిమెంటు మెట్లతో గ్యాలరీ కట్టారు. ఏడుపు అశుభమని దానికి ఆనంద వీక్షణ స్థలి అని పేరు పెట్టారు. కూర్చుని రైలుని చూడాలంటే టిక్కెట్టు. చూసినవాళ్లు ఫిర్యాదుల పుస్తకంలో రాశారు, కిటికీల్లోంచి తువ్వాళ్లు వేలాడుతున్నాయి, ఎవరో అరటిపండు తింటున్నారు, పాతకాలపు కళ పోతోంది అని. కిటికీలు మూయించారు. మూసిన కిటికీల వెనక జనం ఊపిరాడక తలుపుల్లో నిలబడ్డారు. అది ఇంకా చెడ్డగా ఉంది. ఆఖరికి ప్రయాణికులకి ఘాట్ రోడ్డు మీద జీపులు పెట్టి, పెట్టెలు ఖాళీగా నడిపారు. ఖాళీ రైలు చూడ్డానికి నిండుగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

తరవాత టిక్కెట్టు లేకుండా చూసేవాళ్ల సమస్య వచ్చింది. కొండవాలులో అల్లం తవ్వుకునే ఆడవాళ్లు రైలు కూత వినబడగానే నడుం ఎత్తి చూస్తారు. తాతల కాలం నుంచీ చూస్తున్నారు. శకటము వీక్షణ పరిధిలో ఉన్నంతసేపూ స్థానికులు తూర్పుముఖంగా తిరిగి నిలబడవలెనని ఉత్తర్వు వచ్చింది. గేదెలకు మినహాయింపు ఇచ్చారు, అవి చూసినా ఆనందించవు కనక. అల్లం తవ్వే ముసలామె ఒకామె ఆఫీసుకొచ్చి, "కళ్లు మావి, కొండ మాది, పొగ మా బట్టల మీద. టిక్కెట్టు మీరే మాకియ్యాల బావూ," అంది. ఆమె అభ్యంతరాన్ని అభ్యంతరాల ఫైల్లో పెట్టారు.

ఆ వరసలోనే తవిటయ్య వంతు వచ్చింది. వీక్షకులు తీసిన ఫోటోలు బల్ల మీద పరిచారు. ప్రతి ఫోటోలోనూ ఇంజను ముక్కు మీద తువ్వాలు చుట్టుకున్న మనిషి.

"ఇది ఏమిటి?" అన్నారు మార్తాండరావు గారు.

"నానే బాబూ."

"నువ్వని తెలుస్తోంది. వీక్షణ రేఖలో మానవ ఆటంకం. నిన్ను అక్కడినుంచి తొలగించక తప్పదు."

"నాను నేకపోతే జారిపోద్ది బాబూ."

"జారితే?"

"ఎక్కదు."

"ఎక్కకపోతే?"

తవిటయ్యకి ఈ ప్రశ్న ఇరవయ్యారేళ్లలో ఎవరూ వెయ్యలేదు. తువ్వాలు సర్దుకుని, "రైలు గదా బాబూ. ఎక్కాల గదా," అన్నాడు.

"చూశావా, నువ్వింకా ప్రయాణికుడి దృక్కోణంలోనే ఉన్నావు," అన్నారాయన, జాలిగా.

పలక ఊడదీశారు. ఇసుక వేపే మూకుడు పాత ఇనుము కింద పోయింది. తవిటయ్య బుట్టలు రెండూ, అందులో ఆ రోజు వేపిన ఇసుకతో సహా, గ్యాలరీ పక్క గదిలో గాజు పెట్టెలో పెట్టి తాళం వేశారు. ముందు ఒక చీటీ: వారసత్వ ఇసుక, ముట్టరాదు. తవిటయ్యని వీక్షణ తనిఖీ సహాయకుడిగా వేశారు. ఒక ఈల, ఒక చేతిపట్టీ, గాజు పెట్టె తాళంచెవి ఇచ్చారు. టిక్కెట్టు లేకుండా చూస్తున్నవాణ్ణి చూస్తే ఈల వెయ్యాలి.

ఆ ఆదివారం తవిటయ్య గ్యాలరీ చివర నిలబడి, ముసిలమ్మ కొండెక్కడం జీవితంలో మొదటిసారి చూశాడు. అంతకుముందెప్పుడూ చూడలేదు. ముక్కు మీద కూర్చున్నవాడికి ముఖం ఎలా కనబడుతుంది? మలుపు తిరిగి పొగలోంచి నల్లగా, నిదానంగా వస్తుంటే అతనికి ఒళ్లు గగుర్పొడిచింది. ఇంత అందమైన దాని మీదా నేను ఇన్నాళ్లు కూర్చున్నది అనుకున్నాడు. సరిగ్గా ఐదో మైలురాయి పక్కన, అతను ఎప్పుడూ ఎడం పిడికిలి విప్పే చోట, చక్రం జారింది. ముసిలమ్మ కెవ్వున ఏడ్చింది. నల్లటి పొగ బుస్సున లేచింది, నిప్పురవ్వలు రేగాయి, బండి నాలుగు గజాలు వెనక్కి వచ్చింది. తవిటయ్యకి కళ్లనీళ్లు తిరిగాయి.

గ్యాలరీ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

మస్తాన్ గారు మళ్లీ ప్రయత్నించారు. మళ్లీ జారింది, మళ్లీ చప్పట్లు. మూడోసారి జారినప్పుడు ఈలలు కూడా వేశారు. పద్దెనిమిది నిమిషాలకి, పుంజుకోలేక, బండి వెనక్కి దిగువలోవకే దిగిపోయింది. నిమ్మచెక్క వాసన చూసుకుంటూ జీపులో మలుపు దాకా వచ్చిన మార్తాండరావు గారి ముఖం తవిటయ్య భయపడుతూ చూశాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

ఆ వారం పైకి వెళ్లిన నివేదికలో ఇలా ఉంది: గతంలో శకటము ఈ స్థలిని నాలుగు నిమిషములలో దాటిపోవుచు వీక్షకునికి తీవ్ర నిరాశ కలిగించుచుండెను. ఇసుక తొలగింపు ఫలితముగా వీక్షణ కాలము నాలుగున్నర రెట్లు పెరిగినది. మలుపు ఆవల వీక్షకులు లేనందున శకటము అచ్చటికి వెళ్లవలసిన ఆవశ్యకత కనిపించుట లేదు.

అలా ఎక్కలేకపోవడం ఒక కార్యక్రమం అయింది. దానికి పట్టిక వేశారు. మొదట ప్రథమ జారుడు, తరవాత మధ్యమ జారుడు, చివర మహా జారుడు, వందన స్వీకారం, తిరుగు ప్రయాణం. మార్తాండరావు గారు స్వయంగా మైకు పట్టుకుని వ్యాఖ్యానం చెప్పేవారు. మస్తాన్ గారికి మూడు రోజుల శిక్షణ ఇచ్చారు.

"ముప్పై ఏళ్లు జారకుండా నడపడం నేర్చుకున్నా," అన్నారాయన తవిటయ్యతో, టీ గ్లాసు పట్టుకుని. "ఇప్పుడు జారడానికి ట్రైనింగంట. సర్టిఫికెట్టు కూడా ఇచ్చారయ్యా, చూడు."

ఎండలు వచ్చాక చిక్కొచ్చింది. పట్టాలు ఎండి, మంచు లేక, ఆకు రాలక, ముసిలమ్మ ఒకరోజు పొరపాటున ఎక్కిపోబోయింది. మస్తాన్ గారే బ్రేకు వేసి పరువు కాపాడారు. అత్యవసర సమావేశం పెట్టి, పట్టాలకి ఆముదం రాయాలని తీర్మానించారు. ఎక్కడ రాయాలో తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు.

"నీ అనుభవాన్ని సంస్థ వృథా పోనివ్వదు తవిటయ్యా," అన్నారు మార్తాండరావు గారు. "ఇన్నేళ్లూ నువ్వు ఇసుక పోసిన చోట్లే ఆముదం రాయి. పని మారలేదు. పదార్థమే మారింది."

తవిటయ్య రాశాడు. ఉద్యోగం, పై అధికారి మాట. పీచు ఆముదంలో ముంచి, వంగి, ఐదో మైలురాయి దగ్గర ఎడమ పట్టాకి, బండరాయి దగ్గర కుడి పట్టాకి రాసుకుంటూ పోయాడు. చేతికి ఆ చోట్లన్నీ తెలుసు. అదే అతనికి ఎక్కువ సిగ్గేసింది. పని తెలియనివాడు చేస్తే తప్పు అంత బాగా జరిగేది కాదు.

రైలు పైకి రావడం మానేశాక అతను రోజూ మలుపు నుంచి చలిమెట్టకి ఆరు కిలోమీటర్లు పట్టాలమ్మట నడిచి వెళ్తున్నాడు. ఒక సాయంత్రం భార్య అసిరమ్మ అన్నం పెడుతూ ఆగింది.

"చేతికి ఆ వాసనేటయ్యా?"

"ఆముదం."

"జుట్టుకేటి, నెత్తిమీద నాలుగెంట్రుకలు నేవు గదా."

"పట్టాలకి."

అసిరమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. తరవాత, "ఎక్కడానికా, ఎక్కకుండా ఉండడానికా?" అంది. తవిటయ్య తల దించుకుని అన్నం కలుపుకున్నాడు.

వానాకాలం వచ్చింది. ఒకే రాత్రి కురిసిన వానకి ఘాట్ రోడ్డు మలుపుకి పైన మూడు చోట్ల తెగి లోవలోకి జారిపోయింది. జీపులు ఆగిపోయాయి. చలిమెట్టలో నూటిరవై గడపలు, ఒక్క రేషన్ డిపో. పదో రోజుకి డిపోలో గింజ లేదు. జనం పనసగింజలు ఉడకబెట్టుకున్నారు, అవీ అయిపోయాయి. అసిరమ్మ ఇంట్లో ఉన్న సోలెడు నూకలు పక్కింటి బాలింతకిచ్చింది. ఇహ మిగిలిన దారి రైలే. బియ్యం బోగీ ఒకటి తగిలించి పైకి పంపమని జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చింది.

మార్తాండరావు గారు కాదనలేదు. పాత సరుకు బోగీ వెతికించి, రంగు వేయించి, యాభై బస్తాలు ఎక్కించి రైలుకి తగిలించారు. సరుకు బోగీతో రైలు చూడ్డానికి మరింత పాతకాలంగా ఉందని ఆయనకి నచ్చింది కూడా. ఆ బోగీ ముసిలమ్మ వెనక ఏడుపుమలుపు దాకా వచ్చింది. ప్రథమ జారుడు, మధ్యమ జారుడు, మహా జారుడు. వందన స్వీకారం. బియ్యం వెనక్కి దిగువలోవ వెళ్లిపోయింది.

మర్నాడు మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. ఆరు రోజులు అలా ఎక్కి దిగింది. కార్యాలయం పుస్తకంలో మాత్రం, చలిమెట్టకు బియ్యం తరలింపు నిరాటంకంగా కొనసాగుచున్నది అని రాశారు. అది అబద్ధం కాదు. కొనసాగుతూనే ఉంది.

చలిమెట్ట వాళ్లు పదిమంది, అసిరమ్మ ముందు నడుస్తుండగా, మలుపు దాకా దిగొచ్చారు. బండి అక్కడ ఆగినప్పుడు బస్తాలు మేమే దింపుకుని నెత్తిన మోసుకుపోతాం అన్నారు.

"వీక్షణ స్థలిలో ఎగుమతి దిగుమతులు నిషిద్ధం," అన్నారు మార్తాండరావు గారు, నెమ్మదిగానే. "పైగా ప్రదర్శన మధ్యలో బోగీ తలుపు తెరిస్తే దాని ప్రాచీనతకు భంగం. మీ ఆవేదన నాకు అర్థమవుతోంది. మీ గురించి రేపటి వ్యాఖ్యానంలో తప్పక ప్రస్తావిస్తాను. ఆకలితో ఎదురుచూసే కొండ ప్రజలు అంటే వీక్షకుల్లో మంచి స్పందన ఉంటుంది."

"మరి దిగువలోవ స్టేషన్లో దింపుకుంటాం బాబూ. ఎలగోలాగ మోసుకుంటాం," అంది అసిరమ్మ.

"అక్కడ దింపితే తరలింపు ఆగిపోయినట్టు అవుతుంది కదమ్మా."

అసిరమ్మ ఆయన్ని పైకీ కిందికీ చూసింది. "అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు," అంది. తరవాత మొగుడి వైపు తిరిగింది. తవిటయ్య చేతిపట్టీ కట్టుకుని, మెళ్లో ఈలతో, మెట్ల పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె అతన్ని ఏమీ అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించింది.

మర్నాడు ఆదివారం. గ్యాలరీ కిటకిటలాడుతోంది, గొడుగులూ వానకోట్లూ. ముసిలమ్మ బియ్యం బోగీ లాక్కుంటూ మలుపులోకి వచ్చింది. వాన తడికి ఆముదం అక్కర్లేదు. ఐదో మైలురాయి దగ్గర ప్రథమ జారుడు జారింది. చప్పట్లు మోగాయి. బండి వెనక్కి వచ్చి నిలబడింది.

తవిటయ్య గ్యాలరీ పక్క గదిలోకి వెళ్లాడు. తాళం తీశాడు. గాజు పెట్టెలో ఇసుక, ఏడాది కిందట వేపిన ఇసుక, అప్పడంలా పొడిగా ఉంది. కొండ మొత్తం మీద ఆ రోజు పొడిగా ఉన్న ఇసుక అదొక్కటే. చీటీ తీసి జేబులో పెట్టుకున్నాడు, పారేస్తే ప్రభుత్వ ఆస్తి. చేతిపట్టీ విప్పి పెట్టెలో బుట్టలున్న చోట పెట్టాడు. బుట్టలమీద తువ్వాలు కప్పి, వానలో నడుచుకుంటూ వెళ్లి ఇంజను ముందు కమ్మీ మీద కూర్చున్నాడు.

మస్తాన్ గారు తల బైటపెట్టి చూశారు. "ఏందయ్యా, అవి మ్యూజియం బుట్టలు గదా?"

"బుట్టలు మ్యూజియానివేనండి. ఇసక మాత్రం నాను వేపిందే."

మస్తాన్ గారు తల లోపలికి తీసుకున్నారు. జేబులోంచి శిక్షణ సర్టిఫికెట్టు తీసి, కొలిమి తలుపు తెరిచి, బొగ్గుతోపాటు లోపలికి వేశారు. ఆవిరి నిండింది. కూత వేసి వదిలారు.

"ఇప్పుడు మధ్యమ జారుడు," అన్నారు మైకులో మార్తాండరావు గారు. "నూట పదేళ్ల ఈ వృద్ధ శకటము గురుత్వాకర్షణతో తలపడి ఓడిపోవు అపూర్వ దృశ్యము. గమనించండి. ఇదిగో, జారబోవుచున్నది."

ఎడం పిడికిలి విప్పాడు తవిటయ్య. ధార పట్టా మీద పడింది, చక్రం దాని మీదికొచ్చి కరకరమని పట్టుకుంది. ముసిలమ్మ ఏడవలేదు. బండరాయి దగ్గర కుడి పిడికిలి. బండి కదులుతోంది.

"జారబోవుచున్నది," అన్నారు మార్తాండరావు గారు. "వీక్షకులు సహనము వహించగోరుచున్నాము. ఇదిగో, ఈ క్షణములో..."

ఇంజను గ్యాలరీ దాటింది. ఖాళీ పెట్టెలు దాటాయి. చివరన బియ్యం బోగీ, దాని వెనక ఎర్రజెండా, అదీ మలుపు తిరిగింది. సరిగ్గా నాలుగు నిమిషాలు. మైకులో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఎక్కిపోయిందేమిటి?" అన్నాడు ముందు వరసలో ఒకాయన. వెనకాయన టిక్కెట్టు తీసి చూపించాడు. మూడు జారుళ్లు అని అచ్చు వేసి ఒకటే చూపించారు, ఇది మోసం అన్నాడు. అందరూ లేచారు. ఆ రోజు అక్కడ చప్పట్లు కొట్టింది అల్లంచేలో ఆడవాళ్లు మాత్రమే. వాళ్లు తూర్పుముఖంగా తిరిగి నిలబడి కొట్టారు, ఉత్తర్వు ఉత్తర్వే గదా.

చలిమెట్టలో జనం కూత విని నమ్మలేదు. పొగ చూశాక పరిగెత్తుకొచ్చారు. యాభై బస్తాలు దింపడానికి పావుగంట పట్టలేదు. తవిటయ్య కమ్మీ మీదినుంచి దిగి నిలబడితే, అసిరమ్మ అతని చేయి తీసుకుని వాసన చూసింది. తడి ఇసుక తప్ప ఏ వాసనా లేదు.

"కాళ్లు కడుక్కోనక్కర్నేదు," అంది. "నడిసి రానేదు గదా ఇయాళ."

మర్నాడు మస్తాన్ గారు బండి దించి తీసుకుపోయారు, తవిటయ్యనీ ఎక్కించుకున్నారు. కింద మెమో సిద్ధంగా ఉంది. సదరు ఉద్యోగి, ప్రదర్శన జరుగుచుండగా, నూట అరవై మంది వీక్షకుల సమక్షంలో, వారసత్వ ఇసుకను దుర్వినియోగపరచి, శకటమును గమ్యస్థానమునకు చేర్చినాడు. డ్రైవరు మీద ఏమీ రాయలేదు. ఎదురుగా ఇసుక పడితే ఇంజను ఎక్కుతుంది, అందులో డ్రైవరు తప్పేముందని వాళ్లే తేల్చేశారు.

విచారణకి ముగ్గురు కూర్చున్నారు. మార్తాండరావు గారు మధ్యలో. రెండు రాత్రులు నిద్రపోనట్టున్నారు, ముఖం పీక్కుపోయింది.

"నీ మీద నాకు వ్యక్తిగత ద్వేషం లేదు తవిటయ్యా. ఇసుక వేశావా?"

"ఏసినాను బాబూ."

"తత్ఫలితంగా ఏమైంది?"

"ఎక్కింది."

"ఎక్కడికి?"

"చలిమెట్టకి."

"చలిమెట్ట వెళ్లమని నీకెవరు చెప్పారు?"

తవిటయ్య కిటికీలోంచి చెయ్యి చూపించాడు. "ఆ బోర్డు మీద ఉన్నాది గదా బాబూ. దిగువలోవ నుంచి చలిమెట్ట అనీసి. మా అయ్య కాలం నుంచీ ఉన్నాది."

ముగ్గురూ తిరిగి చూశారు. రైలు పెట్టె మీద పెద్దక్షరాలతో నిజంగానే ఉంది. కమిటీ ముఖాలు చూసుకుంది. విచారణ ఒక గంట వాయిదా పడింది. గంట తరవాత మార్తాండరావు గారి ముఖంలో, సమస్య మూలం దొరికిన మనిషి తేటదనం కనబడింది. తప్పు తవిటయ్యది కాదని, బోర్డుదని తేలింది. ఉద్యోగిని తప్పుదోవ పట్టించినది ఆ బోర్డే. మూత్రశాల గోడ మీద పేరు రాసిన పెయింటరునే పిలిచి, సాయంత్రంలోగా దాన్ని సరిచేయించారు. ఇప్పుడు ఆ రైలు మీద ఇలా ఉంటుంది: దిగువలోవ నుంచి దిగువలోవ. అప్పట్నుంచి ఆ రైలు గమ్యం చేరలేదని ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

బియ్యం బోగీని ప్రదర్శనలోనే ఉంచారు, జనానికి నచ్చింది కనక. బోగీ తేలికైతే మళ్లీ ఎక్కిపోతుందేమోనన్న జాగ్రత్తతో యాభై బస్తాలూ ఇసుకతో నింపారు. ఇసుక మొత్తానికి బండి మీదికి చేరింది. చక్రం కిందికి తప్ప అన్ని చోట్లకీ చేరింది. రోడ్డు మాత్రం చలిమెట్ట వాళ్లే రాళ్లు మోసి, తెగిన మూడు చోట్లా నిలబెట్టుకున్నారు. అది ఎవరూ చూడ్డానికి రాలేదు.

తవిటయ్యకి శిక్ష వెయ్యలేదు, బదిలీ చేశారు. చలిమెట్ట స్టేషనుకి. రైలు వచ్చినప్పుడు వాడుటకు గాను ప్రతిదినము పొడి ఇసుకను సిద్ధముగా ఉంచవలెను అని ఉత్తర్వు. కొత్త మూకుడు కూడా ఇచ్చారు. ఆ స్టేషనుకి రైలు రాదు. ఆ సంగతి ఉత్తర్వులో ఎవరూ రాయలేదు.

అతను రోజూ పొద్దున్నే ఇసుక జల్లిస్తాడు, వేపుతాడు, బుట్టలకెత్తుతాడు. వేడి ఇసుక వృథా పోతోందని అసిరమ్మ అందులో వేరుశనక్కాయలు వేపి, పక్కింటి బాలింతకి పంపుతుంది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం తవిటయ్య ప్లాట్‌ఫారం చివరికి వెళ్లి, బుట్టలు అటొకటి ఇటొకటి పెట్టుకుని కూర్చుంటాడు. పట్టాలమ్మట ఆరు కిలోమీటర్లు గాని, లోవ మీదుగా చప్పుడికి అంత దూరం లేదు. కింద ముసిలమ్మ జారి కెవ్వుమంటుంది. ఇక్కడ అతని ఎడం చెయ్యి దానంతటదే బుట్టలోకి వెళ్లి పిడికిలి బిగించుకుంటుంది. కాసేపటికి చప్పట్లు వినబడతాయి. అప్పుడు ఇసుక బుట్టలోనే వదిలేసి, చెయ్యి పంచెకి తుడుచుకుంటాడు.